వార్తలకు ఉమ్మడి బావి

రాత్రి రేడియోలో వార్తలు విని నిద్రించిన శ్రోత, మఱునాడు ఉదయమున పత్రిక విప్పినపుడు ఒక సంగతి గమనింపకపోడు. ఎక్కడనో వేయి మైళ్ల దూరమున జరిగిన రైలు ప్రమాదమో, ఏదో రాజధానిలో కుదిరిన ఒడంబడికయో, తాను రేడియోలో వినిన క్రమముననే పత్రికలోను కనిపించును. ప్రక్క ఇంటివారు తెప్పించుకొను పత్రిక వేఱు. దాని రాజకీయము వేఱు. అయినను ఆ వార్తలోని అంకెలు, పేర్లు, ఒక్కొక్కప్పుడు వాక్యములు సైతము ఒక్కటిగనే ఉండును. ఇందఱు చెప్పుచున్నారు గనుక ఇది సత్యమే అని మన మనస్సు నిశ్చయించుకొనును. కాని ఇందఱును చూచి చెప్పుచున్నారా? లేక ఒక్కరు చూచి చెప్పినదానిని ఇందఱు పంచుకొనుచున్నారా?

చాలవఱకు రెండవదియే నిజము. ఇందులో మోసమేమియు లేదు. మన పల్లెలలో నలుగురు రైతులు కలిసి ఒక బావిని త్రవ్వించుకొనుట కలదు. ఒక్కని తాహతుకు మించిన పని నలుగురు చేరిన సాధ్యమగును. అయితే నీరు పడిన తరువాత ప్రశ్నలు పుట్టును. వంతు ముందు ఎవరిది? మరమ్మతు ఖర్చు ఎవరిది? అయిదవ రైతు వచ్చి తనకును పాలు ఇమ్మని అడిగిన ఇయ్యవలెనా, వలదా? ఒక దినమున ఆ నీరు చెడినచో ఊరికి వేఱొక బావి కలదా? వార్తాసంస్థలు కలిసి త్రవ్వుకొనిన బావికి సంబంధించిన చరిత్ర అంతయు ఈ ప్రశ్నల చుట్టునే తిరిగినది. ఆ చరిత్రను కొంత నేడు పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

వార్త అను సరకునకు ఒక విచిత్ర స్వభావము కలదు. ఒకరికి ఇచ్చినంత మాత్రమున అది తఱుగదు. దానిని పంచుటకు ఖర్చు స్వల్పము. తెచ్చుటకు ఖర్చు అపారము. పైగా అది పువ్వువంటిది. నిన్నటిది నేటికి పనికిరాదు. కనుక ప్రతి పత్రికయు తానే ముందు తేవలెనని పరుగు తీయును. ఆ పరుగులో అందఱికిని ఆయాసమే మిగులును. పంతొమ్మిదవ శతాబ్ది నడుమ న్యూయార్కు పత్రికల గతి ఇట్లే ఉండెను. యూరోపు నుండి వచ్చు ఓడ రేవు చేరకమునుపే దానిని ఎదుర్కొని, అందులోని పత్రికలను, సమాచారములను పట్టుకొని రావలెనని ఒక్కొక్క పత్రికయు వేర్వేరుగా పడవలను నడుపుచుండెను. అన్ని పడవలును ఒకే ఓడ దగ్గఱకు పోయి, ఒకే కట్టను తెచ్చి, ఒకే వార్తను అచ్చు వేయుచుండెను.

1846లో అమెరికాకును మెక్సికోకును యుద్ధము వచ్చినది. యుద్ధరంగము దక్షిణమున సుదూరముగా ఉన్నది. తపాలా శాఖవారి సంచులు నెమ్మదిగా వచ్చుచుండెను. అప్పుడు 'న్యూయార్కు సన్' పత్రికాధిపతియైన మోజెస్ యేల్ బీచ్ ఒక ఏర్పాటు చేసెను. అలబామా రాష్ట్రము మీదుగా గుఱ్ఱపు రౌతులను నిలిపి, తపాలాకంటె ముందుగా యుద్ధవార్తలు తెప్పించుట, ఆ ఖర్చును, ఆ వార్తలను న్యూయార్కులోని అయిదు పత్రికలు సమానముగా పంచుకొనుట - ఇది ఆ ఏర్పాటు. తరువాతి కాలమున లోకప్రసిద్ధమైన అసోసియేటెడ్ ప్రెస్ అను సంస్థకు ఇదియే బీజము. నిన్నటివఱకు ఒకరి పడవను ఒకరు దాటుటకు పోటీపడినవారు నేడు ఒకే గుఱ్ఱమునకు దాణా పెట్టిరి.

తంతి వచ్చిన తరువాత ఈ కలయిక మఱింత అవసరమయ్యెను. తంతి తీగె ఒక్కటి. దానిపై ఒక సమయమున పోవు వార్త ఒక్కటి. ముందు చేరినవాడు తీగెను పట్టుకొనును. తక్కినవారు వాకిట వేచియుండవలసినదే. మాట ఒక్కింటికి ఇంత అని రుసుము. అయిదు పత్రికలు అయిదు పర్యాయములు అదే సంగతిని పంపి అయిదింతలు చెల్లించుట కంటె ఒక్కసారి పంపి పంచుకొనుట మేలు గదా! 1849లో యూరోపు ఓడలు ముందుగా తాకు హాలిఫాక్స్ రేవునకు తంతి ఇంకను చేరలేదు. ఆ వార్తాసంఘమువారు హాలిఫాక్సు నుండి ఫండీ అఖాతపు ఒడ్డు వఱకు సుమారు 140 మైళ్ల దారి పొడవున గుఱ్ఱములను మార్చుచు రౌతులను పరుగెత్తించిరి. అచ్చటినుండి ఓడ మీద సెయింట్ జాన్ పట్టణమునకు, అందుండి తంతి మీద న్యూయార్కునకు వార్తలు పోయినవి. ఆ యేడు ముగియకమునుపే తంతి హాలిఫాక్సునకు చేరెను. గుఱ్ఱముల పని తీరెను. కాని గుఱ్ఱముల కొఱకు ఏర్పడిన సంఘము నిలిచిపోయెను.

ఈ కలయిక వలన భాషయందు సైతము ఒక మార్పు కలిగినదని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. అయిదు పత్రికలకు అయిదు రాజకీయములు. ఒక పక్షమును పొగడుచు వ్రాసినచో రెండవ పత్రిక దానిని అచ్చు వేయదు. కనుక ఉమ్మడి విలేఖరి తన అభిప్రాయమును తన జేబులోనే ఉంచుకొని, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేసిరి అన్నంతవఱకే వ్రాయవలసివచ్చెను. నేడు మనము రేడియోలో వినుచున్న వార్తలలోని నిష్పాక్షిక ధోరణికి ఒక మూలము ఈ బేరసారములలో ఉన్నదన్నచో ఆశ్చర్యపడవలసిన పని లేదు. సద్గుణములు కొన్ని సదుద్దేశముతో గాక అవసరముచేత పుట్టును.

అయితే ఉమ్మడి బావికి తలుపు, ఆ తలుపునకు తాళము కూడ వచ్చినవి. అసోసియేటెడ్ ప్రెస్‌లో పాలు గల పత్రిక తన ఊరిలో తనతో పోటీపడు కొత్త పత్రికకు సభ్యత్వము రాకుండ అడ్డుపడుటకు నిబంధనలు తోడ్పడెను. దేశమంతటి వార్తలు దొరకని పత్రిక ఎంతకాలము బ్రదుకును? 1941లో చికాగోలో స్థాపింపబడిన 'చికాగో సన్' పత్రికకు ఇట్టి అడ్డే తగిలెను. వ్యవహారము న్యాయస్థానమునకు పోయెను. 1945 జూన్ నెలలో అమెరికా సుప్రీంకోర్టు, ఇట్టి నిబంధనలు వ్యాపార స్వేచ్ఛను అరికట్టు చట్టవిరుద్ధమైన కట్టుబాట్లని తీర్పు చెప్పెను. పత్రికా స్వాతంత్ర్యము పేర ఇతర పత్రికల నోరు నొక్కు స్వాతంత్ర్యము ఎవరికిని లేదని ఆ తీర్పులోని సారాంశము. కలిసి త్రవ్వుకొనుట తప్పు కాదు. కలిసి ఇతరులకు దాహము కలిగించుట తప్పు. ఈ భేదమును గుర్తించుటకు ఆ దేశమునకు దాదాపు నూఱేండ్లు పట్టినది.

ఇక యూరోపు వైపు చూతము. అక్కడ కథ వేఱు విధముగా నడిచెను. 1835లో పారిస్‌లో ఛార్లెస్ హవాస్ ఒక వార్తాసంస్థను స్థాపించెను. ఆయన వద్ద పనిచేసి మెళకువలు నేర్చిన వారిలో ఇద్దఱు తరువాత స్వంతముగా సంస్థలు పెట్టిరి. బెర్న్‌హార్డ్ వుల్ఫ్ 1849లో బెర్లిన్‌లో పెట్టెను. రెండవవాడు పాల్ జూలియస్ రాయిటర్. 1850లో బెర్లిన్ నుండి వచ్చు తంతి ఆఖెన్ పట్టణముతో ఆగిపోవుచుండెను. పారిస్ నుండి వచ్చు తంతి బ్రస్సెల్సుతో ఆగుచుండెను. నడుమ సుమారు 75 మైళ్ల ఖాళీ. రాయిటర్ ఆ ఖాళీని పావురములతో పూడ్చెను. రైలు ఆఱు గంటలకు మించి పట్టు దారిని పావురము రెండు గంటలలో దాటెను. తంతి పూర్తియైన పిమ్మట ఆయన లండను చేరి, 1851 అక్టోబరులో తన కార్యాలయమును తెఱచెను.

ఈ మూడు సంస్థలును 1870 జనవరిలో ఒక ఒడంబడిక చేసికొనినవి. పెద్దమనుషులు పొలము గట్లు వేసికొనినట్లు లోకమును మూడు పాళ్లుగా పంచుకొనిరి. ఫ్రాన్సు, దాని ప్రభావమున నున్న దేశములు హవాసుకు. జర్మనీ, మధ్య యూరోపు వుల్ఫుకు. బ్రిటిషు సామ్రాజ్యము, తూర్పు దేశములు రాయిటరుకు. ఒకరి పొలములో ఒకరు విత్తరాదు. పండిన పంటను మాత్రము ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనవలెను. లెక్క చూచిన ఇదియును వనరుల పంపకమే. ప్రతి దేశమునను ముగ్గురు మూడు కార్యాలయములు పెట్టవలసిన అవసరము తప్పెను. కాని ఆ పంపకములో పొలమునకు గాని, పొలములో నిలిచిన మనుష్యులకు గాని మాట లేదు.

మన దేశము ఎవరి పాలికి పోయెనో వేఱుగా చెప్పనక్కఱలేదు. రాయిటరు సంస్థ పక్షమున హెన్రీ కాలిన్స్ 1866లోనే బొంబాయిలో కార్యాలయము తెఱచియుండెను. అటుపిమ్మట చాల కాలము లోకములో జరిగినదానిని మనము లండను కిటికీగుండ చూచితిమి. మన దేశమున జరిగినదానిని లోకము ఆ కిటికీగుండనే చూచెను. జపానులో ఏమి జరిగెనో మన పత్రికలకు తెలియవలెనన్నను ఆ వార్త ఆ సామ్రాజ్యపు తంతిమీదనే రావలెను. కిటికీ అద్దము రంగు వేసినదా, నిర్మలమైనదా అని పరీక్షించుటకు రెండవ కిటికీ లేదు. ఆ ఒడంబడిక 1934 వఱకు, అనగా అఱువదియేండ్లకు పైగా, ఏదో ఒక రూపమున సాగినది.

మన దేశములోపలి వార్తలకు ఉమ్మడి సంస్థ ఇరువదవ శతాబ్ది తొలి దశకమున ఏర్పడెను. అప్పుడు ప్రభుత్వము చలికాలము కలకత్తాలోను, వేసవి సిమ్లాలోను ఉండెడిది. సిమ్లా వార్తలలో అలహాబాదు 'పయొనీరు' పత్రికదే పైచేయి. దానిని ఎదుర్కొనుటకు కలకత్తాలోని ఆంగ్ల పత్రికల ప్రతినిధులు ఏకమై పనిచేయుటలోనుండి అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా రూపు దాల్చెను. ఎవరార్డ్ కోట్సు దానికి పెద్ద. కాని దాని ప్రాణము కె. సి. రాయ్ అను వంగదేశీయుడు. వార్త వాసన పట్టుటలో ఆయనకు ఆయనే సాటి. అట్టివానికి డైరెక్టరు పదవి ఇయ్యక నిరాకరించుటచే ఆయన వెడలిపోయి వేఱొక సంస్థను పెట్టెను. ఆయన లేక పని సాగకుండుటచే తిరిగి పిలిచి, అడిగిన పదవి ఇచ్చిరి. పిమ్మట ఆ సంస్థ రాయిటరు యాజమాన్యము క్రిందికి పోయెను. బావిని త్రవ్విన చేతులు ఇచ్చటివి, పట్టా లండనుది.

జాతీయోద్యమము విజృంభించిన దినములలో ఈ లోటు బాధాకరముగా తోచెను. 1927లో ఎస్. సదానంద్ ఫ్రీ ప్రెస్ ఆఫ్ ఇండియా అను వార్తాసంస్థను ప్రారంభించెను. భారతీయుల దృష్టితో భారతదేశ వార్తలను అందించుట దాని ఆశయము. 1930లో ఉప్పు సత్యాగ్రహము నడిచినపుడు ఆ వార్తలను అచ్చు వేసిన పత్రికలపై ప్రభుత్వము ధరావత్తులు విధించుట, జప్తు చేయుట మొదలిడెను. ఉమ్మడి సంస్థయందలి బలహీనత అప్పుడు బయటపడెను. ఒక్క సంస్థను ఉక్కిరిబిక్కిరి చేసినచో దానిపై ఆధారపడిన పత్రికలన్నియు మూగవోవును. ఒక్కొక్క పత్రికను బెదరించినచో సంస్థకు చందాలు ఆగిపోవును. 1935లో ఫ్రీ ప్రెస్ వార్తాసంస్థ మూతపడెను. అంతకుమునుపే, 1933లో, ఆ సంస్థలో అనుభవము గడించిన బి. సేన్‌గుప్త యునైటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియాను కలకత్తాలో నెలకొల్పి, ఎన్నియో కష్టములకోర్చి 1958 వఱకు నడిపెను.

స్వాతంత్ర్యము వచ్చిన పండ్రెండు దినములకు, 1947 ఆగస్టు 27వ తేదీన, మదరాసు నగరమున ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా రిజిష్టరు చేయబడెను. సంస్థాపన పత్రముపై సంతకములు చేసినవారు ఏడుగురు పత్రికా ప్రముఖులు. 'హిందూ' సంపాదకుడు కస్తూరి శ్రీనివాసన్, 'స్వదేశమిత్రన్' సి. ఆర్. శ్రీనివాసన్, 'ఆనంద వికటన్' వాసన్, 'మెయిల్' పత్రికకు చెందిన హేల్స్ దొర, తన వార్తాసంస్థ మూతపడినను ధైర్యము వీడని సదానంద్, ఎస్. వి. స్వామి - వారితోపాటు మన తెలుగువాడైన ఖాసా సుబ్బారావు. నెల్లూరు సీమలో పుట్టి, 'స్వతంత్ర' పత్రిక ద్వారా ఎవరికిని జంకని సంపాదకుడని పేరొందిన సుబ్బారావుగారి సంతకము ఆ పత్రముపై నుండుట తెలుగువారు జ్ఞాపకముంచుకొనదగినది. రాయిటరు చేతినుండి దేశీయ వార్తావ్యవస్థను స్వీకరించి 1949 ఫిబ్రవరి 1వ తేదీన ఆ సంస్థ పని ప్రారంభించెను. కొన్నాళ్లు రాయిటరుతో భాగస్వామిగా ఉండి, 1953లో ఆ బంధమునుండి విడివడెను.

ఈ సంస్థ పత్రికల సొత్తు. లాభములు పంచుకొనుట దాని నియమములలో లేదు. కనుకనే జిల్లా పట్టణములో వెలువడు చిన్న పత్రికకును ఢిల్లీ పార్లమెంటు చర్చ ఆ రాత్రికే అందినది. తెలుగు పత్రికల కార్యాలయములలో ఆ రాత్రులెట్లు గడిచెడివో పాతతరమువారు ఎఱుగుదురు. టెలిప్రింటరు గణగణమని మ్రోగుచు ఆంగ్లమున కాగితపు చుట్ట విప్పును. ఉపసంపాదకుడు దానిని చించి, దీపము క్రింద తెలుగు చేయును. ఒకే ఆంగ్లవాక్యము 'ఆంధ్రపత్రిక'లో ఒక రూపమున, 'ఆంధ్రప్రభ'లో మఱియొక రూపమున తెల్లవారును. వార్త ఉమ్మడిది, భాష ఎవరిది వారిది. మన మిప్పుడు సహజముగా వాడు రాజకీయ పరిభాషలో ఎన్నియో మాటలు ఆ అర్ధరాత్రుల తొందఱలో పుట్టినవే. రేడియో విషయమును ఇట్టిదే. ఢిల్లీనుండి వచ్చు తెలుగు వార్తలను విజయవాడ, హైదరాబాదు కేంద్రములు అందుకొని తిరిగి ప్రసారము చేసెడివి. ఒక గొంతు, పదిజిల్లాల అరుగులు.

ఇంతవఱకు నిత్యము జరుగు పంపకమును గూర్చి చెప్పితిమి. ఒక్కొక్క మహాసంఘటన సమయమున జరుగు పంపకము వేఱొకటి కలదు. చోటు చాలదు, చూడవలసినవారు వేలు. అప్పుడు అందఱి తరఫున కొందఱిని లోపలికి పంపి, వారు చూచినదానిని తక్కినవారికి చెప్పవలెనని నియమము చేయుదురు. దీనినే పాత్రికేయులు 'పూల్' అందురు. ఇది నమ్మకముపై నిలిచిన ఏర్పాటు. నమ్మకము పరీక్షకు నిలిచిన రెండు సందర్భములను చెప్పెదము.

1945 మే 7వ తేదీ తెల్లవారుజామున ఫ్రాన్సులోని రైమ్స్ పట్టణమున జర్మను సైన్యము లొంగుబాటు పత్రముపై సంతకము చేసెను. ఆ దృశ్యమును చూచుటకు మిత్రరాజ్యముల సైనికాధికారులు 17 మంది విలేఖరులను మాత్రము విమానమున తీసికొనిపోయిరి. అనుమతి ఇచ్చువఱకు వార్త వెల్లడింపమని వారిచేత మాట తీసికొనిరి. బెర్లిన్‌లో మఱియొక సంతకపు ఉత్సవము జరుగువఱకు, అనగా ఒకటిన్నర దినము, వార్తను ఆపివేసిరి. ఇంతలో జర్మను రేడియోయే లొంగుబాటును ప్రకటించెను. అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి ఎడ్వర్డ్ కెనడీ, శత్రువు చెప్పిన తరువాత దాచుట ప్రాణరక్షణ కొఱకు కాదు, రాజకీయము కొఱకే అని తలంచి వార్తను పంపివేసెను. లోకము సంతోషించెను. తోటి విలేఖరులు తమను వంచించెనని మండిపడిరి. ఆయన సంస్థ ఆయనను పనినుండి తొలగించెను. 1963లో ఆయన గతించెను. 2012లో ఆ సంస్థ అధిపతి, నాడు చేసినది తప్పు అని బహిరంగముగా క్షమాపణ చెప్పెను. మాట తప్పినవాడు దోషియా, సత్యమును దాచుమన్నవాడు దోషియా? ఆ క్షమాపణ తరువాత సైతము ఈ ప్రశ్న పూర్తిగా తీఱినదని మేము అనుకొనము.

రెండవది 1963 నవంబరు 22. డాలస్ నగరమున అధ్యక్షుడు కెనడీ ఊరేగింపులో పాత్రికేయుల ఉమ్మడి కారు ఒకటి కొలది దూరములో వచ్చుచుండెను. తక్కినవారు వెనుక బస్సులలో నుండిరి. ఆ కారులో రేడియో టెలిఫోను ఒక్కటే. యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ విలేఖరి మెరిమన్ స్మిత్ ముందు సీటులో దాని దగ్గఱ కూర్చుండెను. తుపాకి చప్పుడు వినబడిన తక్షణమే ఫోను అందుకొని వార్త చెప్పెను. వెనుక సీటులోని అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి జాక్ బెల్ ఇమ్మని ఎంత అడిగినను, చివరకు చేయి చేసికొనినను, స్మిత్ ఫోను వదలలేదు. నాలుగు నిమిషములలో వార్త లోకమునకు ప్రాకెను. మఱుసటి సంవత్సరము స్మిత్‌కు పులిట్జర్ బహుమానము వచ్చెను. కారు ఉమ్మడిది, ఫోను మాత్రము ముందు కూర్చున్నవానిది! కలిసి ప్రయాణించువారియందు సైతము పోటీ చావదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి?

అన్ని ఉమ్మడి ఏర్పాట్లును ఇట్లు పెనుగులాటతో ముగియవు. 1953 జూన్ 2వ తేదీన రెండవ ఎలిజబెత్ రాణి పట్టాభిషేకమును బి.బి.సి. వారి కెమెరాలు చూపగా, ఫ్రాన్సు, హాలెండు, పశ్చిమ జర్మనీ ప్రజలు తమ తమ ఇండ్లలో అప్పటికప్పుడే చూచిరి. తొమ్మిదేండ్లకు ముందు ఒకరిపై ఒకరు బాంబులు కురిపించుకొనిన దేశములు ఒకే చిత్రమును పంచుకొని, ఎవరి భాషలో వారు వ్యాఖ్యానించుకొనినవి. 1964లో ఏర్పడిన ఆసియా ప్రసార సంస్థల సంఘము మన ఖండమున ఇట్టి ఇచ్చిపుచ్చుకొనుటకు దారి తీసెను.

కాని ఉమ్మడి ఏర్పాటు ఎవరి కోరికపై ఏర్పడెనను విషయము ముఖ్యము. విలేఖరులు తమంతట తాము కలియుట ఒకటి. ప్రభుత్వము వారిని ఒక్క తాటికి కట్టుట మఱియొకటి. మన దేశమున అత్యవసర పరిస్థితి కాలములో, 1976 ఫిబ్రవరిలో, పి.టి.ఐ., యు.ఎన్.ఐ., హిందూస్థాన్ సమాచార్, సమాచార్ భారతి అను నాలుగు సంస్థలను కలిపి 'సమాచార్' అను ఒక్క సంస్థగా చేసిరి. ఖర్చు తగ్గునని, పని ద్వంద్వము పోవునని చెప్పిరి. ఖర్చు మాట నిజమే కావచ్చును. అయితే నాలుగు కన్నులలో మూడు మూసికొనిన మనిషికి కంటి కాటుక ఖర్చు తగ్గినదని సంతోషింప వీలగునా? 1978 ఏప్రిలులో ఆ నాలుగును తిరిగి విడివడి తమ తమ పేర్లతో పని ప్రారంభించినవి. 1976లోనే ఢిల్లీ సమావేశము ద్వారా అలీన దేశములు తమ వార్తాసంస్థల పూల్‌ను ఏర్పఱచుకొనినవి. లండను, పారిస్, న్యూయార్కుల కిటికీలపై ఆధారపడకుండ ఒకరి వార్తలు ఒకరు నేరుగా తెలిసికొనవలెనను ఆశయము ఉన్నతమైనది. 1870 నాటి అన్యాయమునకు తగిన సమాధానము. కాని దానిలో చేరిన సంస్థలు పెక్కు ప్రభుత్వముల చేతిలోనివి. మంత్రుల ప్రసంగములు, స్వాగతసభలు రాశిగా వచ్చినవి; వార్త పలుచబడినది. పాఠకుడు ఆదరింపని బావికి ఎంత గట్టు కట్టినను ప్రయోజనమేమి?

అమెరికాలోను ఇట్టిదే జరిగెను. 1983లో గ్రెనడా ద్వీపముపై దాడి చేసినపుడు విలేఖరులను తొలుత దరి చేరనీయలేదు. అందుపై విమర్శ చెలరేగగా సైన్యము ఉమ్మడి విలేఖరుల పద్ధతిని ఏర్పఱచెను. 1991 గల్ఫు యుద్ధములో వేయికి మించిన విలేఖరులు సౌదీ అరేబియాలో చేరియుండగా, సైన్యమువెంట పోనిచ్చినది కొలదిమందిని మాత్రమే. వారు వ్రాసినదానిని అధికారులు చూచిన పిమ్మటనే తక్కినవారికి పంచిరి. చోటు లేదన్న నెపముతో పుట్టిన పద్ధతి, చూపు లేకుండ చేయు పద్ధతిగా మాఱెనని పాత్రికేయులు ఆక్రోశించిరి.

ఈ కథకు నిరాశాంతము లేదు. 2016 ఏప్రిలులో 'పనామా పత్రములు' వెల్లడియైనపుడు కలయికయొక్క సరిక్రొత్త రూపమును లోకము చూచెను. ఒక జర్మను పత్రికకు 1 కోటి 15 లక్షల రహస్య పత్రములు చేరినవి. అవి తామొక్కరే చదువుటకు సాధ్యము కానివి. ఆ పత్రికవారు వాటిని దాచుకొనక, అంతర్జాతీయ పరిశోధక పాత్రికేయుల సంఘము ద్వారా పలు దేశములలోని 370 మందికి పైగా విలేఖరులతో పంచుకొనిరి. మన దేశమునుండి 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' పాల్గొనెను. దాదాపు ఒక సంవత్సరము అందఱును గుట్టుగా పనిచేసి ఒకేనాడు ప్రకటించిరి. ఇచ్చట పంచుకొనినది ఒకే కన్ను కాదు, వందల కన్నులు. ఒకరు చదివినదానిని వేఱొకరు సరిచూచిరి. ఒక దేశమున నొక్కివేసినను మఱియొక దేశమున బయటపడునట్లు ఏర్పాటు చేసికొనిరి. ఫ్రీ ప్రెస్ సదానంద్‌ను ఉక్కిరిబిక్కిరి చేసిన ఉపాయము వీరిపై పాఱలేదు.

'పదిమందిలో పాము చావదు' అని మన సామెత. పదిమంది ఉన్నారు గదా, ఎవరో ఒకరు కొట్టుదురు లెమ్మని ప్రతివాడును ఊరకుండును. ఉమ్మడి వార్తయందలి అపాయమంతయు ఈ సామెతలో ఉన్నది. ఏజెన్సీ పంపును లెమ్మని పత్రిక తన విలేఖరిని పిలిపించుకొనును. పత్రికలలో వచ్చునులే అని రేడియో ఊరకుండును. అందఱును చెప్పుచున్నారులే అని శ్రోత నమ్మును. చివరకు ఆ స్థలమున నిలిచినవాడు ఒక్కడే మిగులును. వాడు పొరబడినచో లోకమంతయు పొరబడును. వానిని బెదరించినచో లోకమంతయు మౌనము వహించును.

కనుక నూటడెబ్బది యేండ్లకు మించిన ఈ అనుభవము మనకు మూడు ప్రశ్నలు అడుగుమని నేర్పుచున్నది. ఉమ్మడి సంస్థ ఎవరి సొత్తు? క్రొత్తవానికి దాని తలుపు తెఱచియున్నదా? అది చెప్పినదానిని సరిచూచుటకు రెండవ కన్ను ఎచ్చటనైనను కలదా? ఈ మూడింటికి తృప్తికరమైన సమాధానము ఉన్నంతకాలము పంచుకొనుట వలన బీదపత్రిక బ్రదుకును, మాఱుమూల గ్రామమునకు లోకము చేరును. లేనినాడు అదే పంపకము మనకు తెలియకుండగనే మన చెవులకు గంతలు కట్టును.

ఇందులో శ్రోతకును ఒక పని కలదు. రేపు వార్తలు వినునపుడు, పత్రిక చదువునపుడు, వార్తకు మొదట నుండు ఊరి పేరును, దాని ప్రక్కన చిన్న అక్షరములలో నుండు సంస్థ పేరును ఒక్కసారి గమనింపుడు. పది నోళ్ల వెనుక నున్నది పది కన్నులా, ఒక్క కన్నా అని లెక్కింపుడు. ఆ లెక్క శ్రోతకు తెలిసిననాడు ఉమ్మడి బావిలోని నీరు చెడుటకు ఎవరికిని అంత ధైర్యముండదు.